ఆటస్థలం ఆరోగ్య హక్కు

మధుమేహమో రక్తపోటో ఉన్నదని తేలిన ప్రతి స్త్రీకీ వైద్యులు మందుచీటీతో పాటు ఒక సలహా ఇస్తారు: రోజూ అరగంట వేగంగా నడవండి. సలహా సరైనదే. కానీ ఎక్కడ నడవాలి, ఏ వేళ నడవాలి, ఎవరితో కలసి నడవాలి అన్న ప్రశ్నలకు ఆ చీటీలో సమాధానం ఉండదు. మచిలీపట్నం పాతపేటల సందుల్లో, గుడివాడలో ఆటోలూ మోటారు సైకిళ్లూ నిండిన బజారు వీధుల్లో, దివిసీమ గ్రామాల్లో కాలిబాట లేని రోడ్ల పక్కన నివసించే మన కుటుంబాల స్త్రీలు ఆ సలహాను విని ఇంటికి వస్తారు. మందులు వేసుకుంటారు, నడక మాత్రం మానుకుంటారు. మరుసటి పరీక్షలో చక్కెర పెరిగితే తప్పు వారిదేనని అందరూ అంటారు. తప్పంతా వారిది కాదని మా అభిప్రాయం. వ్యాయామానికి, ఆటకు తావు లేకపోవడం వ్యక్తుల సోమరితనం కాదు. అది ఒక ప్రజారోగ్య సమస్య, ఒక హక్కుల సమస్య. ఈ మాసం సంపాదకీయంలో ఆ విషయాన్నే పాఠకుల ముందుంచదలచాము.

శరీర శ్రమకూ గుండె జబ్బుకూ గల సంబంధాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి పరిశోధనల్లో ఒకటి లండన్ నగర బస్సుల్లో జరిగింది. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలసి అక్కడి రవాణా ఉద్యోగుల ఆరోగ్య వివరాలు సేకరించి 1953లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఒకే బస్సులో పనిచేసే ఇద్దరిలో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు; కండక్టరు రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండె జబ్బు కండక్టర్లలో తక్కువగా, డ్రైవర్లలో ఎక్కువగా కనిపించింది. కండక్టర్లకు వచ్చిన జబ్బు కూడా అంత తీవ్రంగా లేదు. తపాలా శాఖలోనూ అదే తేడా కనిపించింది. తిరిగి ఉత్తరాలు పంచే వారి కంటే కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాలకు, టెలిఫోను ఉద్యోగులకు ఆ జబ్బు ఎక్కువ. కొలువుల్లో కుర్చీ దొరకడమే అదృష్టమని భావించిన తరం మనది. ఆ కుర్చీకి ఒక మూల్యం ఉన్నదని డెబ్భై ఏళ్ల క్రితమే తేలింది.

లండన్ సంగతి మనకెందుకని కొందరనవచ్చు. మన కృష్ణా డెల్టాకు పొరుగున ఉన్న గోదావరి డెల్టాలో జరిగిన అధ్యయనాన్నే చూద్దాం. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన పన్నెండు నెలల్లో సంభవించిన 1,354 మరణాల కారణాలను పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి విచారించారు. 2006లో ప్రచురితమైన ఆ ఫలితాలు చాలామందిని ఆశ్చర్యపరచాయి. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవి. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పల్లెటూళ్లలో జనం జ్వరాలతో, విరేచనాలతో మరణిస్తారని, గుండెపోటు, పక్షవాతం పట్నాల్లోని సంపన్నులకు వచ్చే జబ్బులని మనలో నాటుకుపోయిన నమ్మకాన్ని ఆ లెక్క తుడిచివేసింది. అదే వరి పంట, అవే కాలువలు, అదే తిండి ఉన్న మన సీమకు ఆ హెచ్చరిక వర్తించదని అనుకోవడానికి ఆధారం లేదు.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం మరొక చేదు నిజం చెప్పింది. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయస్సు 53 సంవత్సరాలు. ఇతర దేశాల వారికి దాదాపు 59. అంటే మనవారిని ఈ జబ్బు ఆరేళ్లు ముందుగా పట్టుకుంటోంది. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి కావలసిన వేళ, కొడుకు చదువు ముగియవలసిన వేళ సంపాదించే మనిషి మంచాన పడుతున్నాడు. ఆ అధ్యయనంలో ఆరోగ్యవంతులుగా ఉన్న వారిని పోల్చి చూస్తే, తగినంత వ్యాయామం చేసేవారు ఇతర దేశాల్లో 22 శాతం దాకా ఉండగా దక్షిణాసియాలో 6 శాతమే ఉన్నారు. పొగాకు, రక్తపోటు, మధుమేహం, తిండి వంటి కారణాలు కూడా ఉన్నాయి. వాటి గురించి తరచూ మాట్లాడుకుంటాం. వ్యాయామం గురించి మాత్రం మనం మాట్లాడుకోవడం తక్కువ.

మన వృత్తులు ఎలా మారాయో కూడా గమనించాలి. ఒకప్పుడు నూర్‌బాషా కుటుంబాల వారు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకేవారు. ఆ పనిలో భుజానికి, నడుముకు, కాలికి విశ్రాంతి ఉండేది కాదు. నేడు ఆ పని యంత్రం చేస్తోంది. పరుపుల దుకాణంలో మనిషి కూర్చుంటున్నాడు. రిక్షా తొక్కిన తండ్రి కొడుకు ఆటో నడుపుతున్నాడు. చిలకలపూడి నగల పనిలో, పెడన కలంకారీ అద్దకంలో, కుట్టుమిషన్ల ముందు పొద్దంతా వంగి పనిచేసేవారి వేళ్లు అరిగిపోతాయే గాని గుండెకు వ్యాయామం దొరకదు. కాయకష్టం తగ్గడం మేలే; దాన్ని తిరిగి కోరుకోనక్కరలేదు. అయితే శ్రమ తగ్గిన చోట ఆటగాని నడకగాని వచ్చి చేరలేదు. అలసట అలాగే ఉంది, ఆరోగ్యం పోయింది. పైగా బందరు లడ్డు, బందరు హల్వా, పండుగకు షీర్‌ఖుర్మా, పెళ్లికి బిర్యానీ ఇవన్నీ శ్రమించే శరీరాల కాలం నాటి పరిమాణంలోనే నేటికీ వడ్డిస్తున్నాం.

నడకతో నిజంగా జబ్బు ఆగుతుందా? ఈ ప్రశ్నకు పొరుగునే ఉన్న చెన్నైలో సమాధానం దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ ఆధ్వర్యంలో జరిగిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్న 531 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి సాధారణ సలహా మాత్రమే ఇచ్చారు. రెండవ వర్గానికి ఆహార నియమం, రోజూ అరగంట చురుకైన నడక నేర్పారు. మూడవ వర్గానికి మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు. నాల్గవ వర్గానికి మాత్ర, నడక రెండూ ఇచ్చారు. మూడేళ్ల తరువాత చూస్తే, సాధారణ సలహా పొందిన వారిలో 55 శాతం మంది మధుమేహానికి లోనయ్యారు. ఆహార నియమం, నడక పాటించిన వారిలో ఆ సంఖ్య 39 శాతానికి తగ్గింది. మాత్ర వేసుకున్న వారిలోనూ దాదాపు అంతే తగ్గింది. రెండూ కలిపి ఇచ్చినందువల్ల అదనపు లాభం కనిపించలేదు. ఈ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మాత్రతో సమానమైన ఫలితం నడకతో, మితాహారంతో సాధ్యమని మన దేశంలో, మనవంటి మనుషుల మీద రుజువైందన్న మాట. ఇప్పటికే జబ్బు వచ్చినవారు మందు మానవచ్చని దీని అర్థం కాదు. వారికి మందు, నడక రెండూ అవసరమే. గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతనే శ్రమ పెంచాలి.

ఇంత స్పష్టమైన జ్ఞానం ఉండగా దేశంలో ఎంతమంది కదులుతున్నారు? భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో 14,000 మందికి పైగా పెద్దలను పరిశీలించి 2014లో ప్రకటించిన లెక్క ప్రకారం 54 శాతం మందికి తగినంత శరీర శ్రమ లేదు. ఆటగా, వ్యాయామంగా, సరదాగా ఏదైనా చేసేవారు పది శాతం కూడా లేరు. 2023లో అదే మండలి దేశమంతటికీ సంబంధించి వెలువరించిన అంచనాలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. 2024లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో తగినంతగా కదలని పురుషులు 42 శాతం కాగా స్త్రీలు 57 శాతం. ఈ పదిహేను శాతం తేడా గురించి ఆలోచించాలి. స్త్రీ శరీరం కదలికను వద్దనదు. ఆమెకు దారి, వేళ, అనుమతి లేవు. ఆ తేడాలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఈ తేడా బాల్యంలోనే మొదలవుతుంది. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు గంటసేపు చురుకుగా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచమంతటా ఆ గంట దక్కని బాలురు 78 శాతం, బాలికలు 85 శాతం. మన ఇళ్లలో జరిగేదేమిటో మనకు తెలుసు. ఐదవ తరగతి వరకు తమ్ముడితో సమానంగా పరుగెత్తిన అమ్మాయి ఏడెనిమిది తరగతులకు వచ్చేసరికి ఆటల పీరియడులో తరగతి గదిలో కూర్చుంటుంది. ఎవరూ నిషేధించినట్లు ఉండదు. పాఠశాలకు ప్రహరీ ఉండదు, వ్యాయామోపాధ్యాయిని ఉండరు, ఆట దుస్తులు మార్చుకునే గది ఉండదు, ఇంట్లో అమ్మ "ఇంకా ఆటలేమిటి" అంటుంది. ఇవన్నీ కలసి నిషేధంగా మారతాయి.

దాని ఫలితం ఎముకల్లో, రక్తంలో కనిపిస్తుంది. ఎముకకు గట్టిదనం ప్రధానంగా కౌమారంలోనే చేకూరుతుంది. గెంతు, పరుగు ఆ గట్టిదనాన్ని పెంచుతాయి. తిరుపతి పరిసరాల్లో డాక్టర్ హరినారాయణ్ బృందం జరిపిన పరిశోధనల్లో, ఏడాది పొడవునా ఎండ కాసే మన రాష్ట్రంలోనే విటమిన్ డి లోపం విస్తారంగా ఉన్నదని, పల్లెవాసుల కంటే పట్టణవాసుల్లో అది మరింత ఎక్కువని తేలింది. గాలీ వెలుతురూ చొరని ఇంట్లో పగలంతా గడిపే స్త్రీ మాటేమిటో ఊహించుకోవచ్చు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన అమ్మాయి నాలుగు అడుగులు పరుగెత్తగానే ఆయాసపడుతుంది. "నీకు ఆటలు పడవు" అని ఆమెను పక్కన కూర్చోబెడతారు. నిజానికి ఆమెకు కావలసింది రక్తపరీక్ష, ఇనుము మాత్రలు, మంచి తిండి, ఆపైన ఆట. కాబట్టి ఆటస్థలం గురించి మాట్లాడేవారు వంటింటి పళ్లెం గురించి కూడా మాట్లాడాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే స్త్రీకి క్రీడల గొప్పతనం బోధించడం న్యాయం కాదు.

ఈ సందర్భంలో మాకు తరచుగా వినిపించే కొన్ని మాటలున్నాయి. ఇంటిపని చాలదా అని అడుగుతారు. బిందెలు మోయడం, గచ్చు తుడవడం, బట్టలు ఉతకడం నిస్సందేహంగా శ్రమే; వాటిని లెక్కలోకి తీసుకోవాలి. కానీ పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడడం అలసటే తప్ప గుండె వేగాన్ని పెంచే వ్యాయామం కాదు. ఐదు పూటల నమాజు చాలదా అని మరికొందరంటారు. నమాజు ఆరాధన, దానిని కసరత్తుగా చూపి దాని స్థాయిని తగ్గించనక్కరలేదు. దాని కదలికలు శరీరానికి మేలు చేస్తాయి, మస్జిదుకు వడివడిగా నడిచిపోతే ఆ నడకా లెక్కకు వస్తుంది. అయినా వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన శ్రమ అవసరమని వైద్యులు చెప్పేది దానికి అదనంగానే. ఆ నిమిషాలన్నీ ఒక్కసారిగా చేయనవసరం లేదని, చిన్నచిన్న వ్యవధుల్లో చేసినా ఫలితం ఉంటుందని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మేడమీద నడిచినా అది వృథా కాదు.

పర్దా అడ్డు కాదా అన్నది మూడవ మాట. ఇది లోపలి నుంచీ వస్తుంది, బయటి నుంచీ వస్తుంది. బయటివారి వాదానికి ఫుట్‌బాల్ చరిత్రలోనే జవాబుంది. 2011 జూన్‌లో తలవస్త్రం కారణంగా ఇరాన్ మహిళల జట్టును అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత పోటీ ఆడనివ్వలేదు. మెడకు ప్రమాదమన్నారు. తలవస్త్రం వల్ల గాయాలైనట్లు వైద్య గ్రంథాల్లో దాఖలాలు లేవని తేలింది. 2012లో ప్రయోగాత్మకంగా, 2014 మార్చిలో శాశ్వతంగా అనుమతి లభించింది. బాస్కెట్‌బాల్ సమాఖ్య కూడా 2017లో తన నిబంధన మార్చుకుంది. అభిప్రాయాన్ని పరిశోధన ఓడించిన సందర్భమిది. ఆధారం అడగడం నేర్చుకున్న సముదాయానికి న్యాయం దొరుకుతుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఇక మన లోపలి సందేహానికి ముహమ్మద్ ప్రవక్త (స) ఇంటి నుంచే సమాధానం దొరుకుతుంది. ఆయన తన ధర్మపత్ని హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసినట్లు హదీసు గ్రంథాలు పేర్కొన్నాయి. మర్యాదకు, ఆటకు వైరం లేదు. మర్యాదతో ఆడుకునే ఏర్పాటు చేయకపోవడమే లోపం.

నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచినప్పుడు మన ఇళ్లన్నీ సంబరపడ్డాయి. ఆమెకు మైదానంలో తొలి పాఠాలు చెప్పింది కన్నతండ్రే. ఆ సంబరం ఉచితమే. అయితే మేము కోరేది పతకాలు కాదు. పది లక్షల మందిలో ఒకరికి పతకం వస్తుంది. ఆరోగ్యం అందరికీ రావాలి. కబడ్డీలో ఓడిపోయిన అమ్మాయి, షటిల్ సరిగా ఆడలేని గృహిణి, చేతికర్రతో నడిచే నానీ వీరందరికీ మైదానంలో చోటుండాలి.

ఆ చోటు ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండం, ప్రభుత్వ నిధులతో నిర్వహించే చెరువులు, రహదారులు, ప్రజలు కూడే స్థలాల వినియోగంలో మతం, కులం, లింగం, పుట్టుక వంటి కారణాలతో ఏ పౌరునికీ ఆటంకం ఉండరాదని చెబుతోంది. అదే అధికరణం మూడవ ఖండం స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కనుక మునిసిపల్ మైదానంలో స్త్రీలకు ప్రత్యేక వేళలు కోరడం అసాధారణమైన కోరిక కాదు. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో పాఠశాలకు ఉండవలసిన వాటిలో ఆటస్థలం స్పష్టంగా ఉంది. అయితే 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదు. ఆ మినహాయింపు మన సంస్థల స్వేచ్ఛను కాపాడడానికి ఉద్దేశించినదే గాని, మన పిల్లలకు మైదానం ఎగవేయడానికి కాదు. చట్టం అడగని చోట మన మనస్సాక్షి అడగాలి.

ఇక కార్యక్రమం. మచిలీపట్నం నగరపాలక సంస్థను, గుడివాడ పురపాలక సంఘాన్ని, గుడివాడ ఎన్టీఆర్ స్టేడియం వంటి మైదానాల నిర్వాహకులను ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట స్త్రీలకు ప్రత్యేకించమని, దీపాలు, మరుగుదొడ్డి, మహిళా కాపలా ఏర్పాటు చేయమని లిఖితపూర్వకంగా కోరాలి. అర్జీకి రసీదు తీసుకోవాలి. ఏ వార్డులో ఎంత క్రీడాస్థలం ఉంది, దానిపై ఎంత ఖర్చయింది, ఏ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుల ఖాళీలు ఎన్ని అన్న విషయాలను 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి; 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసిన బాధ్యత కార్యాలయానిదే. కాగితం కదలనిదే కార్యాలయం కదలదని ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన వారందరికీ తెలుసు.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ప్రతి వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగం ఉంటుంది. విద్యార్థులు కొన్ని గ్రామీణ కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించే కార్యక్రమమూ ఉంది. దివిసీమ పల్లెలను అందులో చేర్చమని, పట్టణపు పేదపేటల్లో రక్తపోటు, చక్కెర, రక్తహీనతలతో పాటు "మీరు ఎంత నడుస్తారు, ఎక్కడ నడుస్తారు, ఎందుకు నడవలేకపోతున్నారు" అన్న ప్రశ్నలు కూడా అడిగి లెక్క తీయమని మనం కోరాలి. సర్వేకు వచ్చేవారికి మన తలుపులు తెరవాలి. ఇంట్లోని స్త్రీల మాట స్త్రీలే వినేలా మన చదువుకున్న అమ్మాయిలు తోడు వెళ్లాలి. పేర్లు బయటపెట్టకుండా, సమ్మతితో, ఫలితాన్ని మళ్లీ ఆ పేటవారికే తెలియజెప్పే షరతుతో సహకరించాలి. లెక్కలోకి రానివాడికి బడ్జెట్‌లో చోటు దొరకదు.

మన చేతుల్లో ఉన్న పనులకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఏడాదికి రెండు పండుగలకు నిండే ఈద్గా ఆవరణలు తక్కిన రోజుల్లో ఖాళీగా ఉంటాయి. ఉలమాల సలహాతో, పవిత్రతకు భంగం కలగకుండా, అక్కడ స్త్రీల నడకకు వేళలు కేటాయించగలమా అని కమిటీలు ఆలోచించాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత తీరప్రాంతంలో వెలసిన తుపాను రక్షణ కేంద్రాలు వాడుకలో ఉన్న చోట, వాటిలో బాలికల వ్యాయామానికి గ్రామ పంచాయతీని అడగవచ్చు. ఒక్కతే నడవడానికి జంకే చోట పదిమంది కలసి నడిస్తే దారి వారిదవుతుంది. శుక్రవారం ప్రసంగాల్లో ఖతీబులు పొగాకు గురించి చెప్పినట్లే నడక గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. అన్నిటికంటే ముందు, ప్రతి తండ్రీ తన కుమార్తె ఆటల పీరియడులో ఎక్కడ ఉంటున్నదో ఆమెనే అడిగి తెలుసుకోవాలి.

ఆసుపత్రి కోసం, మందుల కోసం, ఆరోగ్యశ్రీ కార్డుల కోసం మనం గట్టిగా అడుగుతూ వచ్చాం, అడుగుతూనే ఉండాలి. కానీ గుండె దెబ్బతిన్నాక దొరికే శస్త్రచికిత్స కంటే దెబ్బతినకుండా కాపాడే మైదానం చౌక, శ్రేష్ఠం కూడా. రానున్న విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ప్రతి పేట నుంచి కనీసం ఒక అర్జీ వెళ్లాలని, వెళ్లిన అర్జీల ప్రతులను, వచ్చిన జవాబులను పాఠకులు మాకు పంపాలని కోరుతున్నాము. జవాబు వచ్చినదేదో, రానిదేదో ఈ పుటల్లో నెలనెలా ప్రకటిస్తాము.